మన మెస్ అన్నానికీ ఒక వెర్షన్ నంబర్ ఉంది

ఫోన్‌లో అప్‌డేట్ వచ్చిందా లేదా అని వారానికోసారైనా చూసుకుంటాం. యాప్ కొత్త వెర్షన్‌లో ఏ బగ్ పోయింది, ఏ ఫీచర్ వచ్చింది అని ఆఫీసు క్యాంటీన్‌లో అరగంట మాట్లాడుకుంటాం. మరి అదే క్యాంటీన్‌లో కంచంలో వేసుకున్న అన్నం సంగతేంటి? దాన్ని ఎవరు తయారుచేశారు, ఎప్పుడు విడుదలైంది, దానిలో ఉన్న బగ్ ఏంటి, ఆ బగ్‌కి ప్యాచ్ ఎవరు రాశారు? ఈ వారం ముచ్చట అదే. ఇందులో చాలా భాగం సైబర్ టవర్స్ నుంచి గంటలోపు వెళ్లగలిగే దూరంలోనే జరిగింది.

కొండాపూర్‌లో ఏ బియ్యం షాపుకైనా వెళ్లండి. సంచుల మీద సోనా మసూరి, హెచ్ఎంటీ, బీపీటీ, జై శ్రీరామ్ అని పేర్లు ఉంటాయి. షాపతను మనల్ని అడిగేది ఒకటే ప్రశ్న: "పాతవా, కొత్తవా?" మనం అడిగేదీ ఒకటే: "కిలో ఎంత?" అక్కడితో మన పరిశోధన పూర్తి.

నిజానికి ఆ పేర్లలో బోలెడంత కథ ఉంది. హెచ్ఎంటీనే తీసుకోండి. అది మన చిన్నప్పటి గోడ మీద, తాతయ్య చేతి మీద ఉన్న గడియారం కంపెనీ పేరే. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1980ల్లో తన పొలంలో కొన్ని వెన్నులు మిగతావాటికంటే వేరుగా ఉన్నాయని గమనించాడు. వాటిని విడిగా దాచి, మళ్లీ మళ్లీ వేసి, ఒక కొత్త రకం తీశాడు. అప్పట్లో జనం మోజుపడే వాచీ పేరు దానికి పెట్టేశారు. ల్యాబ్ లేదు, డిగ్రీ లేదు. ఉన్నదల్లా చూసే కన్ను. ఆయన 2018లో కన్నుమూశాడు. ఆయన బియ్యం ఇంకా మన కుక్కర్లలో ఉడుకుతూనే ఉన్నాయి.

బండి నంబర్ ప్లేట్ లాంటిదే

బీపీటీ సంగతి వేరు. బండి నంబరు చూసి ఏ జిల్లాదో చెప్పేసినట్టు, వరి రకం కోడ్ చూసి అది ఏ ఊళ్లో పుట్టిందో చెప్పేయొచ్చు. బీపీటీ అంటే బాపట్ల. ఎంటీయూ అంటే పశ్చిమ గోదావరిలోని మార్టేరు. ఆర్ఎన్ఆర్ అంటే మన రాజేంద్రనగర్. జేజీఎల్ జగిత్యాల, ఎన్ఎల్ఆర్ నెల్లూరు. ప్రతి ఊళ్లోనూ ఒక వరి పరిశోధన కేంద్రం. కోడ్ పక్కన ఉండే అంకె, అక్కడి శాస్త్రవేత్తలు ఆ మొక్కకు ఇచ్చుకున్న గుర్తు.

మన పీజీల్లో, మెస్సుల్లో, పెళ్లి భోజనాల్లో ఎక్కువగా కనపడే సన్న బియ్యానికి పెద్దదిక్కు బీపీటీ 5204. అసలు పేరు సాంబ మసూరి. బాపట్లలో డాక్టర్ ఎం.వి.రెడ్డి నాయకత్వంలో తయారై 1986లో విడుదలైంది. అంటే ఇది చదివే మీలో చాలామంది కంటే వయసులో పెద్దది. దాని వంశవృక్షం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక పూర్వీకుడు కోయంబత్తూరులో 1921లో ఎంపికైన జీఈబీ 24. ఇంకొకటి తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మలేసియాలో తయారైన మసూరి. మనం "పక్కా లోకల్" అనుకునే పప్పన్నంలో మూడు దేశాల కలయిక ఉంది.

సన్న గింజ, పొడిపొడిగా ఉడికే గుణం, మంచి రుచి. ఇన్ని ఉన్నాయి కాబట్టే దాదాపు నలభై ఏళ్లయినా మార్కెట్ దాన్ని వదల్లేదు. మిల్లరు అడిగేది అదే, మనం కొనేది అదే, కాబట్టి రైతు వేసేదీ అదే.

బగ్ ఎక్కడుందంటే

సాంబ మసూరికి రోగనిరోధక శక్తి తక్కువ. అగ్గి తెగులు త్వరగా పట్టేస్తుంది. బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే ఆకు అంచులు పసుపు తిరిగి, పై నుంచి కిందికి ఎండిపోతాయి. దీన్ని నయం చేసే గట్టి మందు లేదు. అయినా రైతు చేతులు ముడుచుకుని కూర్చోలేడు కదా, యాంటీబయాటిక్ కూడా కొట్టి చూస్తాడు. ఇవి చాలవన్నట్టు సుడిదోమ. పైగా పంటకాలం 145 నుంచి 150 రోజులు. పొలంలో ఎక్కువ రోజులు నిలబడ్డ పంటకు గండాలు కూడా ఎక్కువ.

మా మేనమామ మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేస్తాడు. పోయిన వానాకాలం ఫోన్ చేసినప్పుడు అడిగా, "మామా, బీపీటీకి ఎన్నిసార్లు మందు కొడతవ్?" అని.

"లెక్కేముంది అల్లుడా! నాలుగు, అయిదు. మబ్బు పట్టిందంటే ఇంకోటి. పొట్ట మీదున్న పంట, మెడవిరుపు పడ్డదంటే వెన్ను వెన్నంత తాలైపోతది. గప్పుడు నువ్వొచ్చి కడ్తవా అప్పు?"

"ఏ మందు కొట్టాలో ఎవరు చెప్తరు?"

"ఎవరు చెప్తరు? మందుల షాపాయనే."

మెడవిరుపు అంటే అగ్గి తెగులు వెన్ను మెడకు సోకడం. అప్పటిదాకా పెట్టిన పెట్టుబడి, చేసిన చాకిరీ మొత్తం ఆ ఒక్క చోట విరిగిపోతుంది. అందుకే మామ రోగం వచ్చాక కాదు, వస్తుందేమోనని కొడతాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మనం నెలకోసారి జీతం తీసుకునేవాళ్లం. ఆయన జీతం ఏడాదికి రెండుసార్లు, అదీ వాన, తెగులు, ధర మూడూ సంతకం పెడితేనే.

అక్కడి నుంచి మన కంచంలోకి

ఇప్పుడు ఆహార భద్రత మాటకొద్దాం. అగ్గి తెగులుకు బాగా వాడే మందుల్లో ఒకటి ట్రైసైక్లజోల్. యూరప్ దేశాలు 2018 నుంచి బియ్యంలో దాని అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని నిబంధన పెట్టాయి. అంతకుముందు ఒక మిల్లీగ్రాము దాకా ఒప్పుకునేవాళ్లు. అంటే పరిమితిని ఒక్కసారిగా వందో వంతుకు దించేశారు. మన బాస్మతి ఎగుమతిదారులు ఉక్కిరిబిక్కిరయ్యారు. ఎగుమతి సరుకుకు పరీక్ష ఉంటుంది, పాసవకపోతే కంటైనర్ వెనక్కొస్తుంది. మరి మనూరి మిల్లు నుంచి మనూరి మెస్‌కి వచ్చే సంచిని ఎవరు పరీక్షకు పంపుతున్నారు? మనదేశంలోనూ అవశేషాలకు పరిమితులున్నాయి, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉంది. కానీ ప్రతి సంచీ ల్యాబ్‌కి వెళ్లదు, వెళ్లలేదు.

అందుకే నాకు అనిపించేది ఇది: పురుగుమందు అవశేషాన్ని చివర్లో మన వంటింట్లో కడగడం కంటే, మందు అవసరమే తక్కువగా ఉండే విత్తనం మొదట్లోనే వేయడం తేలిక. టెస్టింగ్ టీమ్ ఎంత బాగా పనిచేసినా, కోడ్ మొదటే సరిగ్గా రాయడానికి అది సాటిరాదని మీకు ఒకరు చెప్పాలా!

ఆ కోడ్ రాసే పని మన ఊళ్లోనే జరుగుతోంది. గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కి రాజేంద్రనగర్ వైపు దిగితే భారత వరి పరిశోధన సంస్థ వస్తుంది. దేశమంతటి వరి ప్రయోగాలను ఒక దారంతో కట్టే సమన్వయ పథకం 1965లో ఇక్కడే మొదలైంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే మన ఐటీ కంటే 33 ఏళ్ల ముందే ఈ నగరంలో ఆర్ అండ్ డీ ఉంది. కాకపోతే వాళ్ల ల్యాబ్‌కి బురద ఉంటుంది.

మూడు తాళాల ప్యాచ్

ఆ సంస్థలో ఆర్.ఎం.సుందరం, హబ్సిగూడలోని సీసీఎంబీలో రమేశ్ సొంటి, వాళ్ల బృందాలు కలిసి సాంబ మసూరి బగ్ మీద కూర్చున్నారు. షరతు ఒకటే: రుచి మారకూడదు, గింజ లావెక్కకూడదు, ఎండాకు తెగులు మాత్రం రాకూడదు.

ఏం చేశారంటే, తెగులును తట్టుకునే జన్యువులున్న వరితో సాంబ మసూరిని సంకరం చేశారు. పుట్టిన పిల్లల్ని మళ్లీ అసలు సాంబ మసూరితోనే కలిపారు. మళ్లీ. మళ్లీ. ప్రతి తరంలో డీఎన్ఏ పరీక్ష చేసి, కావాల్సిన జన్యువులున్న మొక్కల్నే ఉంచి మిగతావి తీసేశారు. చివరికి మిగిలింది దాదాపు పూర్తిగా సాంబ మసూరే, మూడు జన్యువులు మాత్రం అదనం. ఇది జీఎం పంట కాదు. వరికీ వరికీ జరిగిన పెళ్లే, కాకపోతే జాతకాలు డీఎన్ఏ స్థాయిలో చూశారు.

మూడు ఎందుకంటారా? మన బ్యాంక్ యాప్‌కి పిన్, ఓటీపీ, వేలిముద్ర ఉన్నట్టే. ఒకటి ఛేదించినా ఇంకో రెండు ఉంటాయి. ఒక జన్యువు పేరు ఎక్స్ఏ21. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అది కణం అంచున గేటు దగ్గర సెక్యూరిటీలాగా నిలబడి బాక్టీరియాను గుర్తుపడుతుంది. ఇంకొకటి ఎక్స్ఏ13. మామూలుగా ఈ బాక్టీరియా మొక్కలోని చక్కెర కుళాయిని తనే తిప్పుకుని తాగుతుంది. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో ఆ కుళాయి పిడి దానికి అందదు. మూడోది ఎక్స్ఏ5. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో ఈ రకం 2008లో విడుదలైంది.

రాజేంద్రనగర్‌లోనే, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లది ఇంకో రకం ఉంది. ఆర్ఎన్ఆర్ 15048. 2015లో తెలంగాణ సోనా పేరుతో వచ్చింది. ఇది కూడా సన్న గింజే. 125 రోజుల్లో కోతకొస్తుంది. అంటే సాంబ మసూరి కంటే మూడు వారాల నీళ్లు, మూడు వారాల టెన్షన్ తక్కువ. అగ్గి తెగులును తట్టుకుంటుంది. మామ భయపడే మెడవిరుపుకు ఇది జవాబు.

ఈ రెండు రకాలకూ ఇంకో విశేషం ఉంది. గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర తేలింది. గ్లూకోజ్‌ని 100గా పెట్టుకుని, ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే లెక్క ఇది. 55 లోపు ఉంటే తక్కువ, 70 దాటితే ఎక్కువ. రోజంతా కుర్చీలో కూర్చుని, రాత్రి పదకొండుకి ఆర్డర్ పెట్టుకునే మనలాంటి వాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. అలాగని సంచి మీద "షుగర్ ఫ్రీ రైస్" అని రాసుంటే నమ్మేయకండి. షుగర్ లేని బియ్యం అనేది లేదు. తక్కువ ఇండెక్స్ బియ్యమైనా కంచం నిండా రెండుసార్లు పెట్టుకుంటే ఆ లెక్క కాస్తా తారుమారే.

కమల వచ్చింది, ప్రశ్నలూ వచ్చాయి

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. ఒకటి మన రాజేంద్రనగర్‌ది: డీఆర్ఆర్ ధాన్ 100, ముద్దుపేరు కమల. రెండోది ఢిల్లీలో తయారైన పూసా డీఎస్టీ రైస్ 1. సరదా ఏంటంటే, రెండోదానికి మూలం కూడా మన మార్టేరు రకం ఎంటీయూ 1010.

కమల అంటే క్రిస్పర్‌తో ఎడిట్ చేసిన సాంబ మసూరి. మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోన్ ఉంటుంది, వెన్నులో గింజల సంఖ్య పెరగడానికి అది కావాలి. దాన్ని విరిచేసే ఎంజైమ్ ఒకటుంది. ఆ ఎంజైమ్ తయారుచేసే జన్యువును ఆపేశారు. బయటి జన్యువు ఏదీ పెట్టలేదు, ఉన్న కోడ్‌లో ఒక లైన్‌ను కామెంట్ చేసినట్టు. దేశంలో వేర్వేరు చోట్ల చేసిన పరీక్షల్లో సాంబ మసూరికి హెక్టారుకు సగటున 4.5 టన్నులు వస్తే దీనికి 5.37 టన్నులు వచ్చాయని సంస్థ చెప్పింది. మన లెక్కలో ఎకరానికి 18 క్వింటాళ్ల నుంచి 22కి దగ్గరగా. కోత కూడా 20 రోజుల ముందే.

బయటి జన్యువు లేని ఇలాంటి ఎడిటింగ్ పంటలకు, జీఎం పంటలకు ఉండే కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇస్తూ కేంద్రం 2022 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. గొడవ మొదలైంది అక్కడే. జీఎం-ఫ్రీ ఇండియా కూటమి లాంటివాళ్లు, జన్యువును కత్తిరించేటప్పుడు అనుకోని మార్పులు జరగొచ్చు, భద్రతా పరీక్షలు వదిలేయొద్దు అంటున్నారు. ఈ టెక్నాలజీ పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి, రేపు విత్తనం మీద హక్కు ఎవరిది అని అడుగుతున్నారు.

నా మాట చెప్తాను. క్రిస్పర్ పేరు వినగానే బెదిరిపోవడం నాకు ఇష్టం లేదు. అలాగని "సైన్స్ చెప్పింది, ఇక నోరు మూసుకోండి" అనడం సైన్స్ పద్ధతి కాదు. ఎక్కడెక్కడ వేశారు, ఏ చోట ఎంత పండింది, ఏ పరీక్షలు చేశారు అన్న వివరాలు మొత్తం జనం ముందు పెట్టాలి. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధన అది. ఓపెన్ సోర్స్ గురించి రోజూ వాదించుకునే మనకు ఈ డిమాండ్ అర్థం కాకపోదు. ఇంకో సంగతి, కమలలో చేసిన మార్పు గింజల సంఖ్య కోసం. తెగుళ్ల కోసం కాదు. మామ బాధ దిగుబడి ఒక్కటే కాదు కదా.

మంచి విత్తనం ఉన్నా మనదాకా ఎందుకు రాదు?

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వచ్చి పదిహేనేళ్లు దాటింది. మీరు ఎప్పుడైనా షాపులో ఆ పేరు విన్నారా? నేను మా వీధిలో నాలుగు షాపుల్లో అడిగితే, ముగ్గురు పేరే వినలేదన్నారు. నాలుగో ఆయన, "అన్నీ ఒకటే సార్, సన్నబియ్యం సన్నబియ్యమే" అన్నాడు.

ఆయన మాటలోనే కిటుకు ఉంది. గింజ చూడ్డానికి ఒకేలా ఉంటుంది. మిల్లులో అన్నీ కలిసిపోతాయి. మందు తక్కువ కొట్టిన రైతుకూ, ఎక్కువ కొట్టిన రైతుకూ ఒకటే రేటు. రోగాన్ని తట్టుకునే రకం వేసినందుకు విడిగా రూపాయి రాదు. అలాంటప్పుడు తెలిసిన బీపీటీని వదిలి తెలియని పేరు మీద రైతు ఎందుకు పందెం కాస్తాడు?

ఇదే ప్రశ్న ఇప్పుడు ఇంకా పెద్దదైంది. తెలంగాణలో సన్నవడ్లకు క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో కూడా సన్నబియ్యం మొదలుపెట్టారు. పేదల కంచంలోకి సన్నన్నం రావడం మంచి విషయమే. కానీ ఆ సన్నం ఏ రకం అనేది ఎవరూ గట్టిగా అడగకపోతే, పెరిగిన విస్తీర్ణంతోపాటు మందుల పిచికారీలూ పెరుగుతాయి. అవి పీల్చేది ముందు ట్యాంకు వీపున కట్టుకున్న మనిషి. తర్వాతే మనం.

విత్తనం ఒక్కటే అన్నీ చేసేయదు. సుడిదోమకు శాస్త్రవేత్తలు చెప్పేది చాలా సింపుల్: నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గాలి, వెలుతురు దుబ్బుల మొదళ్లకు తగలాలి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అదేపనిగా కొడితే దోమను తినే సాలీళ్లు చచ్చి, దోమ మరింత పెరుగుతుంది. ఈ మాటలు రైతు చెవిన పడాలంటే, మందు అమ్మేవాడు కాకుండా ఇంకెవరో పొలం గట్టు మీదికి వెళ్లి చెప్పాలి. మండలానికి సరిపడా వ్యవసాయ విస్తరణాధికారులు ఉండాలని అడగడం కూడా ఆహార భద్రత కిందికే వస్తుంది.

మన వంతు ఏంటి మరి? ఒక్క మనిషి నెలకు తినేది అయిదారు కిలోలు, దాంతో మార్కెట్ కదలదు. కానీ మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న క్యాంటీన్లు, హాస్టళ్లు, అపార్ట్‌మెంట్ సంఘాలు కొనేది లారీల్లో. ఆఫీసులో ఫుడ్ కమిటీ ఉంటుంది కదా, పనీర్ ముక్కలు తగ్గాయని మెయిల్ పెట్టే చోటు. అక్కడ ఒకసారి అడగండి: "మనం కొంటున్న బియ్యం ఏ రకం? రకం పేరు రాసిచ్చే రైతు ఉత్పత్తిదారుల సంఘం నుంచి నేరుగా కొనొచ్చా?" అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పదిమంది కలిసి తెలంగాణ సోనా పండించే రైతు దగ్గర ఏడాదికి సరిపడా కొనుక్కోవచ్చు. ఊళ్లో పొలం ఉన్నవాళ్లయితే ఇంకా తేలిక. వచ్చే నారుమడికి ముందు ఇంటికి ఫోన్ చేసి, ఈసారి ఒక ఎకరం ఏ రకం వేస్తున్నారో అడగండి.

షాపుకి వెళ్లినప్పుడు "పాతవా, కొత్తవా" తర్వాత మీరు ఇంకో ప్రశ్న కలపండి: "ఏ రకం?" మొదట్లో షాపతను విచిత్రంగా చూస్తాడు. పదోవాడు కూడా అదే అడిగేసరికి మిల్లుకి ఫోన్ కొడతాడు. అతను ఏం చెప్పాడో మాకూ రాయండి, బాగున్న జవాబులు వచ్చే నెల ఇక్కడే పంచుకుందాం.